ఇరవై ఏళ్ళకు యాభై నాలుగు రోజులు తక్కువ

పోలీసుల సర్వీసు లెక్క వేసేటప్పుడు పై వరుసలో రిటైరయ్యే తేదీ, కింది వరుసలో చేరిన తేదీ రాసుకోవాలి. ముందు రోజులు తీసివేయాలి, తరువాత నెలలు, ఆఖరున సంవత్సరాలు. అన్నీ తీసివేశాక ఒక రోజు కలపాలి. చేరిన రోజూ పని చేసిన రోజే, దిగిపోయిన రోజూ పని చేసిన రోజే. తీసివేతలో ఆ రెండింటిలో ఒకటి జారిపోతుంది. కొత్తగా వచ్చిన గుమాస్తాలు అందరూ ఈ ఒక్క రోజు దగ్గరే తప్పు చేస్తారు. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళు మాత్రం చేయరు.

నేను పోలీసు ఆఫీసులో గుమాస్తాగా చేరింది 1973 నవంబరు ఒకటిన. రిటైరైంది 2007 జూన్ ముప్పైన. ముప్పై మూడు సంవత్సరాల ఎనిమిది నెలలు, ఒక్క రోజూ కోత లేదు. అందులో పందొమ్మిదేళ్ళు పింఛను సీటులోనే కూర్చున్నాను. యూనిఫాం వేసుకోలేదు గాని, యూనిఫాం విప్పేసే ప్రతి మనిషీ ఆ కాలంలో నా బల్ల ముందు నిలబడి పోయినవాడే.

రిటైరైన తరువాత కూడా చిత్తూరులో మా ఇంటి వసారాకు ఆదివారం పొద్దున కానిస్టేబుళ్ళు వచ్చేవాళ్ళు. సర్వీసు రిజిస్టరు జిరాక్సు తెచ్చి, మేడమ్, నాకెంత వస్తాదో చూడండి అనేవాళ్ళు. నేను డబ్బు సంగతి చెప్పేదాన్ని కాదు, రోజుల సంగతి చెప్పేదాన్ని. పద్దెనిమిదేళ్ళు నిండకముందు చేసిన నౌకరీ లెక్కకు రాదు. ట్రైనింగు వస్తుంది. మంజూరైన సెలవు వస్తుంది. సస్పెన్షన్ కాలం, అది లెక్కకు వస్తుందని ఉత్తర్వులో రాసి ఉంటేనే వస్తుంది. సెలవు మంజూరు కాకుండా ఇంట్లో ఉండిపోయిన రోజులు రావు. మిగిలినదాన్ని అర్ధ సంవత్సరాలుగా విడగొట్టాలి. చివర మిగిలిన ముక్క మూడు నెలలు గాని అంతకు మించి గాని ఉంటే దాన్ని కూడా ఒక అర్ధ సంవత్సరంగా తీసుకోవాలి. అరవై ఆరు అర్ధ సంవత్సరాలుంటే నిండు పింఛను. వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను ఒకే మాట చెప్పేదాన్ని. నోటిమాట సర్వీసు కాదు, కాగితం తెచ్చుకోండి అని.

నా కొడుకు కూడా కానిస్టేబులే. 2002 ఆగస్టులో తిరుపతిలో డ్యూటీ ముగించుకుని మోటారు సైకిలు మీద వస్తూ పూతలపట్టు కూడలిలో లారీ కింద పోయినాడు. వాడి సర్వీసు ఆరు సంవత్సరాల రెండు నెలల పదకొండు రోజులు. ఆ లెక్క కూడా నేనే వేసినాను. నా కోడలికి అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు, మనవరాలికి మూడు. కోడలు పది పాసైంది. కారుణ్య నియామకం కాగితాలు నేనే నింపి, నేనే ఆఫీసులో ఒక బల్ల మీద నుంచి ఇంకొక బల్ల మీదకు నడిపించినాను. 2003 ఫిబ్రవరి పదిహేడున ఆమె మహిళా కానిస్టేబులుగా చేరింది. అంతకు ముందు ఎన్నడూ లేసులున్న బూట్లు తొడిగిన మనిషి కాదు. ట్రైనింగుకు పోయే ముందు రోజు వసారాలో కూర్చోబెట్టి లేసు ముడి వేయడం నేనే నేర్పించినాను. నాలుగుసార్లు వేసి విప్పింది. ఐదోసారికి వచ్చింది.

ఆ రోజు నుంచే నేను లెక్క మొదలుపెట్టినాను. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండితే పోలీసు మనిషి తనంతట తాను రిటైరు కావచ్చు, పింఛను వస్తుంది. ఆ లోపల దిగిపోతే దాన్ని రిటైర్మెంటు అనరు, రాజీనామా అంటారు. రాజీనామాకు పింఛను లేదు, వెనక చేసిన సర్వీసు అంతా పోతుంది. ఇరవై ఏళ్ళు ఓర్చుకో మ్మే, తరువాత నీ ఇష్టం అని ఆమెకు ఆ రోజే చెప్పినాను. అరవై ఏళ్ళ దాకా ఆమె తిరుపతి కొండ మీద క్యూ లైన్ల దగ్గర కాపలా నిలబడాలని నాకు లేదు. నా డైరీలో చివరి పేజీన 2023 ఫిబ్రవరి 16 అని రాసి కింద గీత గీసినాను. ప్రతి సంవత్సరం కొత్త డైరీ కొన్నప్పుడు ఆ తేదీని మొదట ఎక్కించేదాన్ని.

2009 జూన్ మొదటి వారంలో మనవరాలికి పొద్దున లేచేసరికి మొహం ఉబ్బింది. రెండు రోజులకు కాళ్ళు ఉబ్బినాయి. మూత్రపిండాల జబ్బు, వేలూరుకు తీసుకుపొమ్మన్నారు. కోడలు సెలవు అడిగింది. స్టేషన్లో మనుషులు లేరు, ఇవ్వలేమన్నారు. ఆమె ఇంటికి వచ్చి ఏం చేసేది అత్తా అన్నది. పో అన్నాను. జూన్ మూడున పోయింది. బిడ్డ కోలుకుని ఇంటికి వచ్చి, ఆమె మళ్ళీ డ్యూటీలో చేరింది సెప్టెంబరు ఎనిమిదిన. జూన్లో ఇరవై ఎనిమిది రోజులు, జూలైలో ముప్పై ఒకటి, ఆగస్టులో ముప్పై ఒకటి, సెప్టెంబరులో ఏడు. మొత్తం తొంభై ఏడు రోజులు.

అప్పటికి ఆమె ఖాతాలో నూట ముప్పై రెండు రోజుల ఆర్జిత సెలవు నిలవ ఉంది. ఒక్క కాగితం పెట్టి, ఒక్క ఉత్తర్వు తెప్పించుకుని ఉంటే తొంభై ఏడూ సెలవు కింద పోయి ఉండేవి, సర్వీసులో ఒక్క రోజూ తగ్గేది కాదు. ఇది నాకు తెలియదా? వందల మందికి చెప్పినదాన్ని.

మళ్ళీ చేరే ముందు ఆమెను వెంటబెట్టుకుని స్టేషనుకు నేనే పోయినాను. అప్పటి ఇన్స్పెక్టరు మంచి మనిషి. ఎస్సైగా ఉన్నప్పుడు ఆయన సర్వీసు చిక్కు ఒకటి నేను విడదీసినాను, ఆ గౌరవం ఉంది. మా ఇద్దరికీ కుర్చీలు వేయించి, టీ తెప్పించి, మెల్లగా చెప్పినాడు.

"అమ్మా, ఇప్పుడు లీవు కాగితం పెట్టినారంటే ఇన్నాళ్ళూ యాడుండావని పైన అడుగుతారు. మెమో వస్తాది, ఎంక్వైరీ వస్తాది. బిడ్డ బాగుండాది, అది చాలు. డ్యూటీలో చేరమనండి. మిగతాది నేను సూసుకుంటా."

బయటికి వచ్చినాక గేటు దగ్గర కోడలు ఆగింది.

"కాగితం అడగొద్దా అత్తా?"

"నాకు తెలుసులే, పద," అన్నాను.

ఆ తొంభై ఏడు రోజుల జీతం రాలేదు. దాని కోసం అడిగితే ఫైలు తెరుస్తారు, తెరిస్తే మెమో వస్తుంది అని అడగవద్దన్నాను. ఆ ఏడూ ఆ తరువాతి ఏడూ ఇన్స్పెక్టరు ఆమెకు క్యాజువల్ లీవు ఒక్కటి కూడా ఇవ్వలేదు. పండగ బందోబస్తులన్నీ ఆమెకే వేసినాడు. ఆ రోజులకు బదులు ఈ చాకిరీ సరిపోయింది, పద్దు మూసేసినట్టే అని మేము అనుకున్నాము. పోలీసుల్లో అట్లా చేయడం ఉన్నదే. కాగితం మీద శిక్ష వేయకుండా డ్యూటీల్లో వసూలు చేసుకుంటారు. దాన్ని దయ అనే అంటారు. నేనూ దయ అనే అనుకున్నాను. క్రమంగా ఆ తొంభై ఏడు రోజులు నా లెక్కలోంచే పోయినాయి. డైరీలో ఆ పేజీల్లో ఆసుపత్రి గది నంబరు, బిడ్డ బరువు, ఉప్పు లేని కూడు వండిన పద్ధతి ఉన్నాయి. గైర్హాజరు అనే మాట ఎక్కడా లేదు.

2022లో కోడలి నడుము పడిపోయింది. వెన్నుపూసల మధ్య డిస్కు జారింది, అరగంటకు మించి నిలబడవద్దు అన్నాడు డాక్టరు. ఆమె అప్పటికి హెడ్ కానిస్టేబులు. నిలబడకుండా చేసే డ్యూటీ ఎక్కడుంది? ఇంటికి వచ్చినాక బూట్లు విప్పడానికి వంగలేక గోడకు ఆనుకుని నిలబడి ఉండేది. మనవరాలు అప్పటికి ఇక్కడే ఒక ల్యాబులో పనిలో చేరింది. ఇరవై ఏళ్ళు నిండుతున్నాయి, ఇంక చాలు అని నేనే అన్నాను. మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. డిసెంబరు ఆఖరులో నోటీసు రాసినాను. 2023 మార్చి ముప్పై ఒకటిన దిగిపోయేటట్టు. మే, జూన్లో కొండకు జనం ఎక్కువ. వేసవి బందోబస్తు ఆమె మీద పడకూడదని ఆ తేదీ పెట్టింది నేనే.

నోటీసుతో పాటు ఒక తెల్ల కాగితం మీద సర్వీసు లెక్క వేసి ఇచ్చినాను. పైన 31-3-2023, కింద 17-2-2003. ఒక రోజు కలుపుకుని ఇరవై సంవత్సరాల ఒక నెల పదిహేను రోజులు. నోటీసు తీసుకునే ముందు సర్వీసు నిజంగా నిండిందా లేదా అని రిజిస్టరు తెరిచి చూడడం ఆఫీసు పని. ఆ సీటులో ఇప్పుడున్న సూపరింటెండెంటు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. చేరిన కొత్తలో ఆ ఒక్క రోజు కలపడం మరిచిపోతే అతని చేత పదిసార్లు లెక్క వేయించినాను. కోడలు కాగితం ఇవ్వగానే అతను చూసి, నవ్వి, ఫైల్లో పెట్టుకున్నాడంట.

"మేడమ్ కూడినాక నేను మళ్ళా కూడేదేముండాదమ్మా?" అన్నాడంట.

ఆ మాట ఇంటికి వచ్చి కోడలు చెబితే నాకు సంతోషమైంది. ఆ రాత్రి డైరీలో ఆ మాట రాసుకున్నాను కూడా.

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం శాలువా కప్పి పంపినారు. ఏప్రిల్, మే, జూన్. ఆమె పొద్దున ఏడు దాకా పడుకునేది. బూట్లు కడిగి, ఎండబెట్టి, పాత దిండు గలీబులో కట్టి అటక మీద పెట్టింది. మూడు నెలలు ఆమె మొహం నేను నా కొడుకు ఉన్నప్పుడు చూసిన మొహంలా ఉండింది.

జూలై పంతొమ్మిదిన, బుధవారం, సూపరింటెండెంటు తనే మా ఇంటికి వచ్చినాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పింఛను మంజూరు చేసే ఆఫీసు నుంచి కోడలి కాగితాలు తిరిగి వచ్చినాయి. సర్వీసు రిజిస్టరులో ఒక పేజీ జిరాక్సు నా చేతిలో పెట్టినాడు. ప్రతి సంవత్సరం ఆఖరున ఆ ఏటి సర్వీసు సరిచూసినట్టు రిజిస్టరులో ఒక వరుస రాస్తారు. 2009 వరుసలో ఎర్ర సిరాతో, 3-6-2009 నుంచి 7-9-2009 వరకు గైర్హాజరు, ఉత్తర్వులు రావలసి ఉంది అని ఉంది. కింద ఏ ఉత్తర్వూ లేదు. పదమూడేళ్ళుగా ఆ వరుస అట్లాగే ఉంది. రాసిన చేతిరాత నేను గుర్తు పట్టినాను. నా తరువాత ఆ సీటుకు వచ్చిన అమ్మాయిది, పద్ధతి గల మనిషి. తప్పు రాయలేదు. నేనున్నా అదే రాసి ఉండేదాన్ని.

అతను నేల చూస్తూ చెప్పినాడు. "నేను రిజిస్టరు తెరవల్సింది మేడమ్. మీ లెక్క ఉండాదని తెరవలా."

కాగితం, పెన్సిలు తెచ్చుకుని నేను అక్కడే లెక్క వేసినాను. ఇరవై ఏళ్ళు నిండిన తరువాత మార్చి ఆఖరు దాకా అదనంగా చేసింది నలభై మూడు రోజులు. తీసివేయవలసింది తొంభై ఏడు. యాభై నాలుగు రోజులు తక్కువ. మే ఇరవై నాలుగు దాకా ఆమె డ్యూటీలో ఉండి ఉంటే చాలు. వేసవి తప్పించాలని నేను పెట్టిన తేదీ వల్లనే అది తక్కువైంది.

కోడలు వంటింటి గడప దగ్గర నిలబడి వింటున్నది. ఆమె అడిగింది ఒక్కటే.

"అయితే పెన్షన్ రాదా సార్?"

"ఇరవై నిండకుండా దిగిపోయినట్టు అవుతాదమ్మా," అన్నాడు అతను. రాజీనామా అనే మాట నేనే చెప్పినాను.

ఆ తరువాత ఆరు వారాలు నాకు తెలిసిన తలుపులన్నీ తట్టినాను. మొదటిది మూడు నెలల ముక్క. తొంభై ఏడు పోగా మిగిలిన సర్వీసు పందొమ్మిది సంవత్సరాల పది నెలల పది రోజులు. అర్ధ సంవత్సరాలుగా విడగొడితే ముప్పై తొమ్మిది పోగా నాలుగు నెలల పది రోజులు మిగులుతాయి. మూడు నెలలు దాటింది కాబట్టి అది ఇంకొక అర్ధ సంవత్సరం. మొత్తం నలభై, అంటే ఇరవై ఏళ్ళు. నాలుగు పేజీల అర్జీ రాసి పంపించినాను. పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. ఆ ముక్కను కలుపుకోవడం పింఛను ఎంత అని కట్టడానికే, దిగిపోయే హక్కు ఉందా లేదా అని తేల్చడానికి కాదు, హక్కుకు నిజంగా ఇరవై ఏళ్ళు నిండాలి అని. నాకు ఆ సంగతి తెలుసు. ఇదే సంగతి ఒక రైటరు కానిస్టేబులుకు మా వసారాలో కూర్చుని నేనే చెప్పినాను. అతను నన్ను తిట్టుకుంటూ పోయినాడు. తెలిసి కూడా రాసినాను.

రెండోది ఆ ఇన్స్పెక్టరు. డీఎస్పీగా రిటైరై తిరుపతిలో ఇల్లు కట్టుకుని ఉన్నాడని తెలిసింది. పొద్దున బస్సెక్కినాను. పూతలపట్టు కూడలి వచ్చినప్పుడు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, బస్సు మలుపు తిరిగినాక తెరిచినాను. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. బిడ్డకు ఉప్పు మాన్పించినారు గదమ్మా అని కూడా అడిగినాడు. నేను సంగతి చెప్పినాను. ఆయన తెల్ల కాగితం తీసుకుని, ఆమె తనకు తెలిసే పోయిందని, ఆర్జిత సెలవు కింద సర్దమని తాను అప్పుడే సిఫారసు చేయవలసి ఉండిందని, చేయకపోవడం తన పొరపాటని రెండు పేజీలు రాసినాడు. సంతకం చేసినాక ఆయన చెయ్యి సీలు కోసం టేబుల్ సొరుగు దాకా పోయి ఆగింది.

"ఎంత కావాలంటే అంత రాసిస్తానమ్మా. నా సంతకానికి ఇప్పుడు ఇలువ యాడుండాది?"

విలువ లేదని నాకు బస్సెక్కేటప్పుడే తెలుసు. రిటైరైన అధికారి మాట సాక్ష్యమవుతుంది గాని ఉత్తర్వు కాదు. అప్పటి స్టేషన్ డైరీ దొరికితే దానికి తోడుగా పనికి వచ్చేది. గడువు తీరిన డైరీలను జాబితా రాసి తగలబెట్టడం ఆఫీసు నియమం, అట్లాంటి జాబితాలు నేనూ ఎన్నో రాసినాను. 2009 డైరీలు ఎప్పుడో పోయినాయి. ఆ రెండు పేజీలను ఫైల్లో చేర్చుకున్నారు. దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు.

ఎవరూ నన్ను కసరలేదు. ఎవరూ లంచం అడగలేదు. ఎక్కడికి పోయినా లేచి నిలబడి, కూర్చోండి మేడమ్ అన్నారు. ఒక్క మనిషైనా అడ్డుపడి ఉంటే పోట్లాడేదాన్ని. అందరూ నా లెక్కనే నాకు చూపించి బాధపడినారు.

చివరికి ఆఫీసు ఒక దారి చూపింది. దిగిపోయిన ఉత్తర్వు రద్దు చేస్తారు. ఆమె మళ్ళీ డ్యూటీలో చేరి తక్కువైన రోజులు చేయాలి. మధ్యలో ఇంట్లో ఉన్న ఐదు నెలల చిల్లర లెక్కకు రాదు. పాత నోటీసే చాలు, కొత్తగా మూడు నెలలు అక్కరలేదు అని పెద్ద అధికారి ఒప్పుకున్నారు. ఆ మాట కాగితం మీద ఇప్పించండి అని నేను అడిగినాను. ఇప్పించినారు. పద్నాలుగేళ్ళ కిందట ఇదే మాట ఇంకొక గదిలో అడిగి ఉండవలసింది.

తక్కువైన రోజులు ఎన్ని అనే దాని మీద కూడా వాదించినాను. నెలల లెక్కన తీస్తే తక్కువ ఒక నెల ఇరవై రోజులు, అంటే యాభై. రోజుల లెక్కన తీస్తే యాభై నాలుగు. ఆ నాలుగు రోజుల కోసం ఒక మధ్యాహ్నమంతా సూపరింటెండెంటు ఎదురుగా కూర్చున్నాను. యాభై నాలుగే ఖాయం చేసినారు. సెప్టెంబరు నాలుగు, సోమవారం చేరాలి. అక్టోబరు ఇరవై ఏడు, శుక్రవారానికి నిండుతాయి. ఆ ఏడు అధిక మాసం వచ్చింది. కొండ మీద బ్రహ్మోత్సవాలు రెండుసార్లు, సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. చుట్టుపక్కల జిల్లాల పోలీసులందరినీ రెండింటికీ వేస్తారు. ఆ యాభై నాలుగు రోజుల్లో రెండూ పడినాయి.

చేరే ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం కోడలు అటక మీది బూట్లు దించమన్నది. దించినాను. అప్పుడు చెప్పినాను. ఆర్జిత సెలవంతా దిగిపోయేటప్పుడే డబ్బుగా కట్టి ఇచ్చేసినారు గాని అర్ధ వేతన సెలవు నిలవ ఉంది. చేరిన రోజే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి మెడికల్ లీవు అడుగు, మంజూరైన సెలవు సర్వీసులోకి వస్తుంది, నిలబడకుండానే ఈ యాభై నాలుగూ గడుస్తాయి అని. నియమం నంబరు కూడా చెప్పినాను. అది సరైన లెక్క. ఈ రోజుకూ సరైన లెక్కే.

ఆమె బూటులో చెయ్యి పెట్టి, దుమ్ము తుడిచి, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"అప్పుడు గూడా నాకు తెలుసులే అనే అన్నావు గదత్తా."

"అది వేరే, ఇది వేరే మ్మే. ఇది రూలు."

"వేరేనే అయ్యుంటాది. నువ్వు సెప్పేది నిజమే అయ్యుంటాది." రెండో బూటు చేతిలోకి తీసుకుంది. "లీవులు, కాగితాలు నాకొద్దు. నేను నిలబడిన దినాలైతే ఎవురూ తీసెయ్యలేరు. నిలబడతా."

సూపరింటెండెంటు చేత చెప్పించినాను. అతను కూడా మేడమ్ చెప్పింది నిజం అన్నాడు. మీరు మేడమ్ మాట కాదన్నది ఎప్పుడు సార్ అని ఆమె నవ్వింది. ఆ నవ్వు తరువాత అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

యాభై నాలుగు రోజులు నేను చేసిన పని ఒక్కటే. ఇంట్లో ఉన్న రోజుల్లో పొద్దున ఆరు గంటలకు ఆమె ఖాకీ తొడిగి, దాని కింద నడుం బెల్టు బిగించుకుని కుర్చీలో కూర్చునేది. తను వంగలేకపోయేది. నేను కింద చాప మీద కూర్చుని బూట్ల లేసులు కట్టేదాన్ని. నాకు డెబ్బై నాలుగేళ్ళు, లేవడానికి కుర్చీ కోడు పట్టుకోవాలి. గట్టిగా ఉందా అని నేను అడిగితే ఊ అనేది. కొండ మీద ఉన్న రోజుల్లో ఎవరు కట్టినారో నాకు తెలియదు. అడిగితే ఎవురో ఒకరు కడతారులే అన్నది. గరుడ సేవ నాడు టీవీ పెట్టుకుని కూర్చున్నాను. మాడవీధుల్లో జనం, తాడు పట్టుకుని నిలబడిన ఖాకీలు. ఒక్కొక్క మొహం వెతుకుతూ ఐదు గంటలు కూర్చున్నాను. కనబడలేదు. మరుసటి వారం వచ్చినప్పుడు ఆమె ఎడమ కాలు ఈడుస్తున్నది.

ఆ రోజులు డైరీలో గుర్తు పెట్టవద్దని ఆమె చెప్పలేదు. నేనే పెట్టలేదు. ఆమె ఒక చిన్న నోటు బుక్కు కొనుక్కుని ఏ రోజుకా రోజు డ్యూటీ వేసిన అధికారి చేత సంతకం పెట్టించుకునేది. ఇంటికి వచ్చినాక దాన్ని మనవరాలి చేతికి ఇచ్చేది. మనవరాలు లెక్కపెట్టి చెప్పేది. ఇరవై ఒకటి. ముప్పై. నలభై ఆరు.

అక్టోబరు ఇరవై ఏడున డ్యూటీ నుంచి దించేసినారు. ఈసారి శాలువా లేదు. మార్చిలోనే కప్పినారు కదా.

పింఛను ఉత్తర్వు జనవరిలో వచ్చింది. మధ్యాహ్నం పోస్టుమాను ఇచ్చిపోతే నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. కవరు చింపకుండా ఆమె మంచం పక్కన పెట్టినాను. డాక్టరు రెండు నెలలు కదలవద్దన్నందువల్ల ఆమె పడుకునే ఉంది. సాయంత్రం మనవరాలు ల్యాబు నుంచి వచ్చినాక తెరిపించింది. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. మనవరాలు చదవడం వినబడింది. లెక్కకు వచ్చిన సర్వీసు ఇరవై సంవత్సరాలు, అర్ధ సంవత్సరాలు నలభై. ఆ నలభై నేను మొదటి అర్జీలో కట్టి పంపిన నలభయ్యే. యాభై నాలుగు రోజులు నిలబడినందుకు పింఛనులో ఒక్క రూపాయి పెరగలేదు, వచ్చేదా రాదా అన్నదే తేలింది.

"నువ్వొకసారి కూడి సూడు మ్మే," అన్నది కోడలు కూతురితో.

మనవరాలు ఫోనులో లెక్క వేసుకుంటూ పైకే చదివింది. ఫిబ్రవరి పదిహేడు నుంచి మార్చి ముప్పై ఒకటికి నలభై రెండు. జూన్ మూడు నుంచి సెప్టెంబరు ఏడుకు తొంభై ఆరు. సెప్టెంబరు నాలుగు నుంచి అక్టోబరు ఇరవై ఏడుకు యాభై మూడు. నలభై రెండూ యాభై మూడూ తొంభై ఐదు. తొంభై ఆరు తీసేస్తే ఒకటి తక్కువ.

"అమ్మా, ఒక దినం తక్కువొస్తా ఉండాది."

మంచం కిర్రుమన్నది. కోడలు లేవబోయి ఆగినట్టుంది. మూడుసార్లూ మొదటి రోజు జారిపోయింది. మూడింటికీ ఒక్కొక్కటి కలిపితే నలభై మూడు, తొంభై ఏడు, యాభై నాలుగు. నలభై మూడూ యాభై నాలుగూ కూడితే తొంభై ఏడే, సరిగ్గా సరిపోతుంది. తడి చేతులతోనే గడప దాకా వచ్చినాను.

"చేరిన దినం గూడా కలపాల. రెండు వైపులా లెక్కే," అన్నాను.

కోడలు నా మొహం చూసింది. చూసి, కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని సూపరింటెండెంటుకు చేసింది. అతని గొంతు నాకు కూడా వినబడింది. ఒక దినం తక్కువ వస్తా ఉండాది సార్ అని ఆమె చెబితే, అతను నవ్వినాడు.

"ఇంట్లో మేడమ్ ఉండారు గదమ్మా. ఆమెను అడగండి."

ఉత్తర్వు కాగితం కోడలి గుండెల మీద లేచి పడుతున్నది. నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను.

"మీరే సెప్పండి సార్," అన్నది.